తలజాగ్రత్తమ్మ

మా వదిన వెనక్కి నడుస్తుంది. దెయ్యాల పాదాలు వెనక్కి ఉంటాయని చెప్పుకునేవాళ్ళు కంగారు పడొద్దు, మనిషి నిక్షేపంలాంటిది. గుహలో గైడు పని ఆమెది. జనానికి ముందు తను నిలబడి, వాళ్ళ వైపే తిరిగి మాట్లాడుతూ, వెనక్కి వెనక్కి మెట్లు దిగుతుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసీ చేసీ బజార్లో కూడా నాతో కబుర్లు చెబుతూ అలాగే నడిచేస్తుంది. ఒకసారి కూరగాయల బండికి వెళ్ళి గుద్దుకుంది. బండివాడు తిట్టడానికి నోరు తెరిచేలోపే "తల జాగ్రత్తండీ" అని అతనికే చెప్పి ముందుకు, అంటే వెనక్కి, సాగిపోయింది.

ఆ మాట ఎప్పుడూ ఆమె నాలుక చివరే ఉంటుంది. గుహలో పైకప్పు కిందికి వంగిన ప్రతిచోటా చెప్పాలి మరి. అలవాటైపోయి ఇంట్లో గుమ్మం దగ్గరా అంటుంది, తెరిచిన బీరువా తలుపు దగ్గరా అంటుంది. నా పెళ్ళైన కొత్తలో మా ఆయన మొదటిసారి మా ఇంటి గడప తొక్కుతుంటే కూడా "తల జాగ్రత్త" అంది. మా ఆయన పొట్టి. తనని వేళాకోళం చేసిందనుకుని వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగాడు. అప్పుడే నేను ఆమెకు తలజాగ్రత్తమ్మ అని పేరు పెట్టాను. పేర్లు పెట్టడంలో నా చెయ్యి మంచిది. ఇప్పుడు ఆమె అసలు పేరు మా వీధిలో ఎవరికీ గుర్తు లేదు, తలజాగ్రత్తమ్మ అంటే పోస్ట్‌మ్యాన్ కూడా నేరుగా మా పుట్టింటికే వస్తాడు.

మా ముగ్గురి ఉద్యోగాలూ ఒక్కచోటే. సున్నపురాయి కొండలన్నీ కలిపి జాతీయ ఉద్యానవనం చేశారు, మేం మాత్రం పార్కు అంటాం. అన్నయ్య కొండ కింద నుంచి గుహ దాకా పార్కు బస్సు నడుపుతాడు. నాది టికెట్ల కిటికీ. నా కిటికీకి ఎదురుగా ఒక వాగు బుద్ధిగా పారుతూ వచ్చి, ఉన్నట్టుండి నేలలో ఒక బొరియలోకి దిగి మాయమైపోతుంది. మళ్ళీ కొండకు అవతలి వైపున తేలుతుంది. వచ్చిన ప్రతివాళ్ళూ "ఆ నీళ్ళెటు పోయాయండీ?" అని నన్నే నిలదీస్తారు, నేనే తాగేసినట్టు. వాన నీళ్ళు ఈ రాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటూ లోపలికి పోతాయనీ, అందుకే కొండల పైన రాళ్ళు అలా కోసుకుపోయి ఉంటాయనీ, లోపల గుహలు అలాగే పుట్టాయనీ చెబుతాను. లోపల చుక్క రాలే చోట రాయి కిందికి పెరుగుతుంది, చుక్క పడే చోట పైకి పెరుగుతుంది. మిగతాది గైడు చెబుతుంది లెమ్మని కిటికీ మూసేస్తాను.

పార్కులో పని చేయనిది మా పుట్టింట్లో అమ్మ ఒక్కతే. ఆవిడ దర్జీ. కింద గదిలో కుట్టుమిషను, మేడ మీద కాపురం. మేడ మెట్లు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగేదో, కాలు ఒకచోట నిలిచేది కాదు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, ఆ సూదులతోనే మా అందరినీ తిట్టేది, ఒక్క సూదీ జారేది కాదు. గుహ చూడ్డానికి రమ్మంటే "రాళ్ళు చూడ్డానికి టికెట్టా? నాకేం పనిలేదనుకున్నారా?" అనేది. కొడుకూ కోడలూ కూతురూ అక్కడే పని చేస్తున్నా, ఆవిడ ఒక్కసారి కూడా అటు అడుగు పెట్టలేదు.

తర్వాత ఆవిడ కళ్ళు చెడ్డాయి. దేన్ని చూడబోతే దాని మీదే మసక కమ్ముతుంది, చుట్టుపక్కల మాత్రం కాస్త కనిపిస్తుంది. డాక్టరు చాలా పరీక్షలు చేసి, పోయిన చూపు ఇక రాదని చెప్పేశాడు. "ఉన్నవి కాళ్ళు, వాటిని కాపాడుకోండి. ఈ వయసులో కూర్చోబెట్టేస్తే ఇక లేవరు" అని కూడా అన్నాడు. ఆ మాట ముగ్గురం విన్నాం.

విని లాభమేమిటి? అమ్మ ఒకరోజు మేడ మెట్ల మీద తడబడింది. పడలేదు, అన్నయ్య పట్టుకున్నాడు. కానీ ఆ భయం ఆవిడ ఒంట్లోకి దూరి కూర్చుంది. కింద మిషను మీద గుడ్డ కప్పించేసింది. మేడ మీద కిటికీ పక్కన కుర్చీలో కూలబడింది. బాత్రూముకు వెళ్ళాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. కర్ర తెస్తే గోడవారగా విసిరేసింది. నా మటుకు నేను పొద్దునా సాయంత్రం వచ్చి అన్నం కలిపి నోటికందించేదాన్ని. మంచం కిందికి మార్చేద్దాం, మనిషిని పెడదాం, అమ్మను ఇక కదలనివ్వొద్దు అని అన్నయ్య చెవినిల్లు కట్టుకుని పోరాను.

"అన్నం నోటికి కనిపించాలా?" అంది వదిన.

"ఏంటి వదినా?"

"అత్తయ్య కళ్ళకే కదా కనిపించనిది? చేతికి తెలుసు, నోటికి తెలుసు. నువ్వెందుకు పెడుతున్నావు?"

నాకు ఒళ్ళు మండింది. "మా అమ్మకి నేను పెట్టుకుంటే నీకేం నొప్పి?" అన్నాను. ఆమె తన పని తను చూసుకుంది. గైడు పనిలో రోజూ వందమంది నసను భరించే మనిషి, నేనో లెక్కా?

ఆమె బుర్రలో ఏదో తిరుగుతోందని నాకు తెలిసింది గానీ, అది ఇంత తిక్కపని అవుతుందని అనుకోలేదు. గుహలో కరెంటు పోతే గైడ్లు జనాన్ని బయటికి తీసుకురావాలి. టార్చీలుంటాయి, కానీ టార్చీని నమ్ముకుని ఎవరూ అంత లోపలికి దిగరు. అందుకని గైడ్లు తమకోసం ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుహ పొడుగునా ఉన్న ఇనుప కమ్మీకి అక్కడక్కడా తాడు చుట్టి ఉంటుంది. ఒక చుట్టు తగిలితే ముందు దిగే మెట్లు, రెండు చుట్లు తగిలితే ఎక్కే మెట్లు, లావు ముడి తగిలితే పైకప్పు తక్కువ, తల వంచాలి. కొత్తగా చేరిన గైడు ఎవరైనా చివరి హాలు నుంచి దీపం లేకుండా, కమ్మీ పట్టుకుని బయటికి వస్తేనే ఉద్యోగం ఖాయం.

మా వదిన సెలవు రోజున అలాంటి తాళ్ళే తెచ్చి ఇంట్లో చుట్టేసింది. మేడ మెట్ల కమ్మీకి పైనా కిందా, నడవ గోడ వెంట, బాత్రూము తలుపు గడియకు కూడా. ఎవరికీ చెప్పలేదు, అడగలేదు. గుహలో రాళ్ళని అడిగి చుడుతుందా ఏమిటి, ఇక్కడా అంతే.

సాయంత్రం నేను వెళ్ళేసరికి అమ్మ అగ్గి మీద గుగ్గిలంలా ఉంది. చెయ్యి తాడుకు తగిలిందట.

"నేనేమన్నా పశువునా, తాళ్ళు కట్టడానికి?" అంది. "నా ఇంట్లో, నా మెట్లకి!"

"అది కాదత్తయ్యా, అది చేతికి గుర్తు..."

"నాకెవరూ గుర్తులు పెట్టక్కర్లేదు. నా కత్తెరేది?"

కత్తెర కుర్చీ పక్కనే ఉంది, అది లేకుండా ఆవిడ నిద్ర కూడా పోదు. నేనూ వదినా వంటింట్లోకి వెళ్ళి, తప్పు నీదంటే నీదని గుసగుసగా పోట్లాడుకుంటున్నాం. బయట కర్రుమని చప్పుడు. కాసేపాగి మళ్ళీ కర్రుమంది. తొంగి చూస్తే అమ్మ కుర్చీలో లేదు. ఒక చేత్తో కమ్మీ తడుముకుంటూ, రెండో చేత్తో కత్తెర ఆడిస్తూ, నడవ దాటి, మెట్ల మీద ఒక్కొక్క తాడూ కోసుకుంటూ కిందికి దిగిపోతోంది. "అమ్మా, కత్తెర!" అని అరవబోతే వదిన నా నోరు మూసింది.

చివరి మెట్టు దగ్గర ఆఖరి తాడు కోసి, ముక్కలన్నీ గుమ్మంలో పడేసి, అప్పుడు గుర్తొచ్చింది అమ్మకు తనెక్కడుందో. "నన్ను పైకి తీసుకెళ్ళండి" అంది, గొంతు సన్నబడిపోయి. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అన్నయ్య పట్టుకుని పైకి తెచ్చాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ కిటికీ.

వదిన మాత్రం గుమ్మంలో తాడు ముక్కలు ఏరుకుంటూ లోలోపల మురిసిపోతోంది. "చూశావా, మెట్లన్నీ దిగింది" అంది.

"కోపంలో దిగింది. రోజూ కోపం తెప్పిస్తామా?"

"ఎందుకు తెప్పించలేం, నువ్వున్నావుగా" అంది ఆ మహాతల్లి.

తర్వాత కొన్నాళ్ళు ఆమె ఆ ఊసెత్తలేదు. అమ్మ కాళ్ళు వాచడం మొదలైంది. లేస్తే మోకాళ్ళు వణికేవి. డాక్టరు అన్నది కళ్ళముందే జరుగుతోందని నాకూ తెలుస్తోంది, కానీ మెట్ల మీద పడి నడుం విరిగితే అన్న భయం నా నోరు కట్టేసింది. అప్పుడొక సాయంత్రం వదిన గుహలోని ఒక తాడు విప్పి తెచ్చి అమ్మ ఒళ్ళో పడేసింది.

"మళ్ళీ తెచ్చావూ?" అంది అమ్మ.

"ఇది మీకోసం కాదత్తయ్యా, మా గుహది. తడికి వదులైపోయి కమ్మీ మీద జారిపోతోంది. చీకట్లో మా చెయ్యి మోసపోతోంది. మావాళ్ళెవరికీ గట్టిగా బిగించడం చేతకావట్లేదు. మీరొచ్చి చూసి, ఎలా కుట్టాలో చెబుతారేమోనని."

"నాకేం కనిపిస్తుందని రమ్మంటావు?"

"కనిపించక్కర్లేదు. చీకట్లో చేతికి తెలియాలి, అంతే. అది మీకు తెలిసినట్టు మాకెవరికి తెలుసు?"

అమ్మ తాడును వేళ్ళ మధ్య నలిపింది. చాలాసేపు నలిపింది. "ఇదెవరు వేశారు ముడి? ఇదొక ముడేనా?" అంది. ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది. అది మా అమ్మ పాత గొంతు, నోట్లో గుండుసూదులున్నప్పటి గొంతు.

అయినా సరే నేను ఒంటికాలి మీద లేచాను. తడి మెట్లు, చీకటి, చూపులేని మనిషి, నీకేమైనా మతి పోయిందా అన్నాను. పడితే ఇక లేవదన్నాను. "కూర్చున్నా లేవదు" అంది వదిన, అంతే. మర్నాడు టికెట్ల కిటికీ పక్కావిడకు అప్పగించి నేనూ బయల్దేరాను, పడితే పట్టుకోవడానికి.

అమ్మ పాత బూట్లు వేసుకుంది, మెడలో టేపు వేసుకుంది. టేపెందుకే అంటే పనికి వెళ్తున్నాను కదా అంది. బస్సు దిగేటప్పుడు అన్నయ్య ఎత్తుకుని దింపబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది. మాతో పాటు ఆరోజు వచ్చిన సందర్శకులు ఒక గుంపు ఉన్నారు, వదిన వాళ్ళకు దండం పెట్టి, మా అత్తగారు కమ్మీ పరీక్ష చేయడానికి వచ్చారు, ఓపిక పట్టండి అని చెప్పింది. ఎంత గౌరవంగా చెప్పిందంటే, వాళ్ళలో ఒక పెద్దమనిషి అమ్మకు దారిచ్చి పక్కకు జరిగాడు.

గుహ గుమ్మంలోనే వదిన అమ్మకు ఏ చుట్టుకు ఏమిటో, లావు ముడి ఎందుకో చెప్పింది. లోపల చల్లగా ఉంది. "తడిబట్టలు ఆరేసిన గదిలా ఉంది" అంది అమ్మ. నేను ఆవిడ జబ్బ గట్టిగా పట్టుకున్నాను. కాస్త దూరం వెళ్ళాక అమ్మ చెయ్యి కమ్మీ మీద ఆగింది.

"ఇక్కడ దిగాలా?"

"అవునత్తయ్యా. ఒక చుట్టు తగిలిందా?"

"తగిలింది, కానీ వదులు. ఇది మార్చాలి." నా వైపు తిరిగి, "నన్ను వదలవే. నీ చెయ్యి పట్టుకుంటే నా చెయ్యి మాట నాకు వినిపించట్లేదు" అంది.

వదిలాను. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆవిడ ఒక్కొక్క మెట్టూ దిగుతుంటే రెండు చేతులూ చాచి వెనకే దిగాను. వదిన మాత్రం తన ధోరణిలో తను వెనక్కి నడుస్తూ జనానికి రాళ్ళ గురించి చెబుతోంది. ఇవి ముట్టుకోకండి, మన చేతి జిడ్డు అంటితే రాయి పెరగడం మానేస్తుంది అంటోంది. ఒకచోట పైనుంచి రాయి పరదాలా మడతలు మడతలుగా జారి ఉంటుంది. అందులోంచి ఎప్పుడో విరిగిపడిన ముక్కను ముట్టుకోవడానికని పక్కన బల్ల మీద పెట్టారు. వదిన దాన్ని అమ్మ చేతికి అందించింది. అమ్మ వేళ్ళు మడత వెంట మడత నడిచాయి.

"కుచ్చిళ్ళు సమంగా లేవు" అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు, ఇంకోసారి తడిమింది. "కానీ కుట్టినవాళ్ళెవరో తొందరపడలేదు" అంది.

గుహ మధ్యలో పెద్ద హాలు ఉంది. అక్కడ కమ్మీని ఆనుకుని ఉన్న బెంచీ మీద అమ్మను కూర్చోబెట్టాం. ప్రతి గుంపుకూ అక్కడ కాసేపు దీపాలన్నీ ఆర్పుతారు, అసలు చీకటి అంటే ఏమిటో తెలియడానికి. "ఎవరూ కదలొద్దు, చేతులు పక్కవాళ్ళకి తగిలితే ఏమీ అనుకోవద్దు" అని చెప్పి వదిన మీట నొక్కింది.

అంత చీకటిని నేను ఎప్పుడూ చూడలేదు. టికెట్లు అమ్మడమే కానీ నేనెప్పుడు లోపలికొచ్చాను కనుక? కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఎక్కడో నీటి చుక్క పడుతోంది. నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలియలేదు. భయమేసి అమ్మ చెయ్యి కోసం పక్కకు తడిమాను. బెంచీ తగిలింది, అమ్మ తగల్లేదు.

"అమ్మా!" అని కేక పెట్టాను. హాలు కూడా నాలాగే నాలుగు వైపుల నుంచి అమ్మా అని అరిచింది.

"గోల చెయ్యకే. ఇక్కడే ఉన్నాను" అంది అమ్మ, ముందెక్కడినుంచో. "రెండు చుట్లు తగిలాయి. ఎక్కే మెట్లు ఇవే."

"వదినా, లైటు వెయ్!"

వదిన వెయ్యలేదు. మీట మీదే ఆమె చెయ్యి ఉందని తర్వాత చెప్పింది.

"అమ్మాయ్" అని పిలిచింది అమ్మ, నన్ను కాదు, కోడల్ని. "ఇక్కడ నీకు కూడా ఏమీ కనిపించదా?"

"ఏమీ కనిపించదత్తయ్యా. నా చెయ్యి నాకే కనిపించట్లేదు."

"అంటే అందరికీ నాలాగేనా?"

"మీకంటే అధ్వాన్నం. మీకు అలవాటుంది."

"మరి కరెంటు పోతే నువ్వెలా బయటపడతావు?"

"తాడు పట్టుకుని."

అన్ని మెట్లూ, అంత తడీ, అంత లోతూ ఉన్నచోటికి మా వదిన రోజూ దిగుతుందనీ, ఆమెకు కూడా ఆ తాడే ఆధారమనీ అమ్మకు అప్పుడే తట్టింది కాబోలు.

"పశువునా అన్నాను కదూ నిన్ను" అంది.

"నన్ను కాదత్తయ్యా, మిమ్మల్నే అనుకున్నారు."

"రెండూ ఒకటే. సరే, పదండి. ఇక్కడే కూర్చుంటామా?"

బూటు మెట్టు మీద ఆనిన చప్పుడైంది. ఇంకో చప్పుడు. అప్పుడు వదిన దీపాలు వేసింది. మా అమ్మ ఒక్కతే, కమ్మీ పట్టుకుని, మెట్ల మధ్యలో ఉంది. దీపాలు వచ్చాయని గమనించిందో లేదో, ఆగలేదు. నేను పరుగెత్తబోతే వదిన నా కొంగు పట్టుకుని ఆపింది. ఎప్పుడూ అందరికంటే ముందుండే మనిషి, ఆరోజు అమ్మ వెనక నడిచింది. ఉద్యోగంలో చేరాక ఆమె గుహలో ముందుకు చూస్తూ నడవడం అదే మొదటిసారి. ఆమె కళ్ళు కూడా తడిగా ఉన్నాయి, నేను చూశాను. ఎప్పుడైనా పనికొస్తుందని గుర్తు పెట్టుకున్నాను.

"ఇంట్లో నేను కోసేసిన తాళ్ళు పారేశావా?" అంది అమ్మ, ఎక్కుతూనే.

"దాచాను."

"ఇంట్లో నేనే కుడతాను. నీ ముళ్ళు వదులు. నువ్వు ఎక్కడెక్కడ కట్టాలో చెప్పు చాలు."

నేను ఆవిడ కాళ్ళ వైపే చూస్తూ నడుస్తున్నాను. వాచిన కాళ్ళు, పాత బూట్లు, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నాయి. మెట్టెక్కిన ప్రతిసారీ నాలో ఏదో బరువు దిగుతోంది. ఇన్నాళ్ళూ ఆవిడను పడకుండా కాపాడానే గానీ, లేవడానికి ఒక్క చిన్న సాయం కూడా నేను చేయలేదనిపించింది. ఆ సాయం నేను వెక్కిరించిన మనిషి చేసింది. కళ్ళు తుడుచుకుంటూ అలా ఎక్కుతూ పోతుంటే పైన అమ్మ చెయ్యి లావు ముడి మీద ఆగింది. నడుం వంచింది. అవతలికి దాటి, వెనక్కి తిరిగి, గుహంతా వినపడేలా గట్టిగా చెప్పింది:

"తల జాగ్రత్త!"

గుంపంతా బుద్ధిగా తలలు వంచింది. ఠప్పున ఒక్క తల మాత్రం రాతికి తగిలింది.

"ఎవరే అది?" అంది అమ్మ.

"మీ అమ్మాయే అత్తయ్యా" అంది వదిన, నవ్వాపుకోలేక.

నుదుటి మీద బొప్పి తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఈలోపు అమ్మ మేడ మెట్ల కమ్మీకి తాళ్ళు కుట్టేసింది, గుహకు కూడా కొత్త జత కుట్టి పంపింది. మొన్న పోస్ట్‌మ్యాన్ వచ్చి గుమ్మంలోంచి తలజాగ్రత్తమ్మగారూ అని పిలిచాడు. ఇంట్లో నేనూ అమ్మా ఉన్నాం. "ఏ తలజాగ్రత్తమ్మకి? పెద్దావిడకా, చిన్నావిడకా?" అని మేడ మీద నుంచి నేను అడిగాను. పెద్దావిడకే అన్నాడు. నేను లేవబోతే అమ్మ నన్ను కూర్చోమంది. కమ్మీ పట్టుకుని తనే మెట్లు దిగి వెళ్ళి తెచ్చుకుంది.